దెయ్యం బస్సెక్కిన దీవెన

"అమ్మా, ఫికర్ చేయకుర్రి. దెయ్యం బస్సు బంద్ చేసిన," అంది సౌండ్ ఇంజనీర్ మనోజ.

"నేను బస్సులో రాలేదమ్మా. మధురానగర్ నుంచి ఆటోలో వచ్చాను," అన్నారు అద్దం అవతల మైకు ముందు నిలబడ్డ విశాలాక్షి గారు.

మనోజ చెప్పిన బస్సుకు చక్రాలుండవు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో గొంతును పక్కదారి పట్టించి, దానికి కాస్త ప్రతిధ్వనో వణుకో తగిలించి దింపే మార్గాన్ని ఆ వృత్తివాళ్లు బస్సు అంటారు. ముందురోజు ఫిల్మ్ నగర్‌లోని ఆ డబ్బింగ్ థియేటర్లో ఒక దెయ్యం సినిమా పని జరిగింది. మళ్లీ మొదటినుంచి అన్నీ అమర్చుకునే తీరిక లేక, మనోజ ఆ సినిమా ఫైలుకే కొత్త పేరు పెట్టి తెరిచింది. తన హెడ్‌ఫోన్స్‌కు వచ్చే దారిలో దెయ్యాన్ని దింపేసింది. పై అంతస్తులో అతిథుల గదికి వెళ్లే దారిలో దింపడం మరిచిపోయింది. ఫైలుకు పేరు మారింది గానీ తీరు మారలేదు.

నిర్మాత కమలాకర్ గారికి ఒక సెంటిమెంటు. ఆయన ఏ సినిమాకైనా డబ్బింగ్ తల్లి పాత్ర దీవెనతోనే మొదలవ్వాలి. అదీ ముహూర్తానికి. కుటుంబమంతా పై గదిలో చేతులు జోడించి నిలబడి వినాలి. పదకొండు సినిమాలకు దీవించిన గొంతు విశాలాక్షి గారిదే. పన్నెండోదానికి ముందు ఆవిడ గొంతుకు ఆపరేషన్ అయింది. ఆవిడకు గొంతు పోయిందని ఫిల్మ్ నగర్ అంతా గొంతెత్తి చెప్పుకుంది. ఎనిమిది నెలల తర్వాత వచ్చిన మొదటి పిలుపు ఇది. ఇది పోతే ఇంకోటి రాదని ఆవిడకు తెలుసు.

సరిగ్గా పది గంటల పన్నెండు నిమిషాలకు ఆవిడ కళ్లు మూసుకుని పలికారు. "నాయనా, నిండు నూరేళ్లు చల్లగా ఉండు."

కింద మనోజకు కళ్లు తడిశాయి. పైన కమలాకర్ గారికి కాళ్లు తడబడ్డాయి. పాడుబడ్డ బావి అడుగున ఎవరో చల్లగా ఉన్నారనీ, ఆయన్నీ అక్కడికే రమ్మంటున్నారనీ అనిపించేలా వచ్చింది ఆ దీవెన. 'నూరేళ్లు' అన్న మాట గది చుట్టూ మూడుసార్లు తిరిగి, చివర్లో నవ్వింది.

కమలాకర్ గారి భార్య మంజులత గారు జోడించిన చేతులు విప్పలేదు. దండం ఎందుకన్నది మాత్రం మారింది.

"ఏంటండీ ఇది? దీవిస్తోందా, తీసుకుపోతానంటోందా?"

"ఆపరేషన్ మరీ లోతుగా చేసినట్టున్నారు," అన్నారాయన బరువుగా. "ఓదెలూ, ఇంకొంచెం ప్రాణం పెట్టి చెప్పమను."

ప్రొడక్షన్ మేనేజర్ ఓదెలు మెట్లు దిగాడు. విశాలాక్షి గారు ప్రాణం పెట్టారు. పై గదిలో స్పీకరు ప్రాణం తీసింది. కమలాకర్ గారి కూతురు లేచి వెళ్లి కారులో కూర్చుంది. ఓదెలు మిరియాల పాలు తెప్పించాడు. మూడోసారి గొంతు తగ్గించి చెప్పమన్నారు. గుసగుసలాడే దెయ్యం అరిచే దెయ్యం కంటే ఘోరమని అప్పుడు తెలిసింది. నాలుగోసారికి ముందు, ముహూర్తం పెట్టిన పూజారి గారు కిందికి వచ్చి మైకుకు దిష్టి తీశారు. అయినా పై గదిలో దెయ్యమే పలికింది.

"మంచిగనే చెప్తున్నరు గదా అన్నా! గీ వంకలేంది?" అంది మనోజ.

"నన్నడుగకు బిడ్డా. అంతా పైవాళ్ల దయ," అన్నాడు ఓదెలు పై అంతస్తు వైపు చూస్తూ.

విశాలాక్షి గారు హెడ్‌ఫోన్స్ తీసేశారు. "వాళ్లను అనకమ్మా. గొంతు బాగుందని డాక్టరన్నాడు. డాక్టర్లు అలాగే అంటారు." డైలాగు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో వేసుకున్నారు.

పదకొండు సినిమాల గౌరవం. కాబట్టి ఆ మాట తానే చెప్పాలని కమలాకర్ గారు స్వయంగా దిగివచ్చి మైకు పక్కన నిలబడ్డారు. మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది.

"విశాలాక్షమ్మా, మీ దీవెనతోనే ఇంతవాణ్ణయ్యాను. ఇక మీరు విశ్రాంతి తీసుకోండి."

పై గదిలో ఆ విశ్రాంతి మూడుసార్లు తిరిగి నవ్వింది. ఆయన తమ్ముడు విహారి అదిరిపడ్డాడు. "వదినా! అన్నయ్య గొంతుకేమైంది?"

"ఏమైంది? ఎప్పుడూ ఉండేదేగా," అన్నారు మంజులత గారు.

విహారి పరుగున దిగాడు. "అన్నయ్యా, నీకూ అంటుకుంది!"

మనోజ ఒక్క క్షణం అతని మొహంలోకీ, మరుక్షణం కంప్యూటర్లోకీ చూసింది. నాలుక కరుచుకుని, ఒక మీట నొక్కింది. కారులో ఉన్న కూతురితో సహా అందర్నీ పై గదికి పంపి, కింది నుంచి మైకులో చెప్పింది.

"తప్పు నాదే సార్. నాకు వినపడే దారిల దెయ్యం బస్సు తీసేసిన, మీకు వినపడే దారిల మరిచిన. అమ్మ గొంతుకు ఏం కాలే. రికార్డయిన దాంట్ల దెయ్యం లేదు. వినుర్రి."

పది గంటల పన్నెండు నిమిషాలకు పలికిన దీవెన మళ్లీ వినిపించింది. నిండుగా, చల్లగా. ముహూర్తం కూడా తప్పలేదు. అందరూ చేతులు జోడించారు. విశాలాక్షి గారు మాత్రం చేతిసంచిని గుండెకు హత్తుకుని, తన గొంతును తానే విన్నారు.

"ఇందాక నేనన్న మాట..." కమలాకర్ గారు నసిగారు.

"ఏ మాటండీ? అది దెయ్యం మాట కదా," అన్నారావిడ, కాగితం మడతలు విప్పుతూ.

బస్సు తీసేశాక విశాలాక్షి గారి గొంతులో తేడా అందరికీ తెలిసింది. ఇంటికి వెళ్లే దారిలో కమలాకర్ గారు మాట్లాడినప్పుడు మాత్రం మంజులత గారికి ఏ తేడా తెలియలేదు.