కత్తి లేకుండా కంద కూర

కాలేజీ గేటు దగ్గర కత్తులు లాక్కోవడాన్ని మించిన విద్యా సంస్కరణ ఇంతవరకూ రాలేదని నేను ఘంటాపథంగా చెప్పగలను. కాదనేవాళ్లు మండపేట పక్కనున్న మా కాలేజీకి రండి. జేబులు తిరగేసి చూపించి మరీ రండి!

నేనక్కడ లైబ్రరీ చూసుకుంటాను. మా ఆవిడ పోయినప్పటినుంచి మధ్యాహ్నం భోజనం కూడా అక్కడే, తలుపులమ్మగారి క్యాంటీన్‌లో. కాబట్టి ఈ సంస్కరణ ఫలాలను నా అంత దగ్గరగా రుచి చూసినవాడు మరొకడు లేడు.

ఎక్కడో కుర్రాళ్లు కత్తులతో కొట్టుకున్నారని పేపర్లో వచ్చింది. మా ప్రిన్సిపాల్ సత్యప్రసాద్‌గారు వెంటనే సర్క్యులర్ తీశారు: పదునైన అంచున్న ఏ వస్తువూ ఆవరణలోకి రాకూడదు. తప్పేముంది? పొద్దున నవ్వుతూ వచ్చిన పిల్ల సాయంత్రం నవ్వుతూ ఇంటికెళ్లాలి. ఇందులో వెటకారమేమీ లేదు, మనసులో మాటే.

గేటు దగ్గర సెక్యూరిటీ చంద్రరావుని నిలబెట్టారు. నిష్ఠాపరుడు. క్యారేజీలో స్పూను అంచును కూడా బొటనవేలితో పరీక్షిస్తాడు. మొదటిరోజే ఫస్టియర్ లక్ష్మీదుర్గ బ్యాగులో షార్ప్‌నర్ పట్టుకున్నాడు. లోపల బ్లేడుంది మరి! ఆ వారమంతా డ్రాయింగ్ క్లాసులో గీతలు చిటికెనవేలంత లావున వచ్చాయి. ఏ గీత ఎక్కడ తప్పిందో లెక్చరర్‌గారికి అంతుపట్టక అందరినీ పాస్ చేసేశారు. ఇది వరం కాదా?

కొత్త ల్యాబ్ ప్రారంభించడానికి ఓ పెద్దమనిషి వచ్చారు. కత్తెర లేదు. పాపం, రిబ్బను ముడి గోళ్లతో మొదలుపెట్టి పళ్లదాకా వెళ్లారు. ముడి వీడేసరికి అన్నాల వేళయింది, ఉపన్యాసం ఎగిరిపోయింది. ఇలాంటి చిన్న చిన్న దయల మీదే కదండీ మనం బతుకుతున్నది!

ఇక క్యాంటీన్ సంగతి. తలుపులమ్మగారి కత్తిపీటని చంద్రరావు గేటు గదిలో పెట్టి తాళం వేశాడు. ఆవిడ వెనక్కి తగ్గలేదు. ఉల్లిపాయల్ని పచ్చడిబండతో చితక్కొట్టింది. దోసకాయల్ని గోడకేసి కొట్టింది. బచ్చలి చేత్తో తుంచింది. కానీ కంద? కంద లేని కంద బచ్చలి ఏం కూర? గురువారం గురువారం ఆ కూర కోసమే నేను ఇస్త్రీ చొక్కా వేసుకుంటాను. చివరికి క్యాంటీన్ మేడ మీదనుంచి దుంపని కిందకి పడేశారు. దుంపకేమీ కాలేదు, ఫిజిక్స్ మాస్టారి స్కూటర్ మడ్‌గార్డు సొట్టపడింది. గురుత్వాకర్షణ గురించి ఆయన ఇక విడిగా చెప్పక్కర్లేదు!

ఈలోగా పైనుంచి కబురొచ్చింది. నెలాఖరులోగా కూరలు దారిన పడకపోతే క్యాంటీన్‌ని ఛైర్మన్‌గారి బావమరిది పఫ్‌ల షాపుకి ఇచ్చేస్తారట. తలుపులమ్మగారు వెళ్లి కత్తిపీట ఇప్పించమని బతిమాలింది. ప్రిన్సిపాల్‌గారు ఎంతో మృదువుగా అన్నారు: “రూలు రూలేనమ్మా. ఛైర్మన్‌గారికైనా ఒకటే, మీకైనా ఒకటే.”

ఎంత సమానత్వం! నాకు కళ్లు చెమర్చాయి. ఆకలివల్ల కూడా కావచ్చు.

ఆ మర్నాడే ఛైర్మన్‌గారబ్బాయి గణేష్‌బాబు పుట్టినరోజు. గ్రౌండులో స్టేజీ, దాని మీద మూడంతస్తుల కేకు. కేకుతో పాటు బేకరీవాళ్లు ఇచ్చిన ప్లాస్టిక్ కత్తిని చంద్రరావు గేటులోనే పట్టేశాడు. చెప్పానుగా, నిష్ఠాపరుడని! ఇప్పుడు కేకు ఎలా కొయ్యాలి?

కంగారు పడకండి. గణేష్‌బాబు పొడవాటి నల్లకారులోంచి అంతకన్నా పొడవాటి కత్తి దిగింది. పిడికి ఎర్రగుడ్డ, అంచుకి తళతళ. చంద్రరావు తప్పేమీ లేదు. సోదా చెయ్యమన్నది బ్యాగులని. కారు బ్యాగు కాదు కదా! ఆ కత్తితోనే కేకు కోశారు. కింద ప్లేటు పట్టుకున్నది ప్రిన్సిపాల్‌గారు.

చప్పట్లు సద్దుమణిగాక, సమోసాలు పంచుతున్న తలుపులమ్మగారు స్టేజీ దగ్గరకి నడిచింది.

“బాబుగారూ, తమరి పనైపోతే ఆ కత్తి ఓ పావుగంట ఇప్పించండి. కంద తరుక్కుని, శుభ్రంగా కడిగి ఇచ్చేస్తానండి.”

గ్రౌండంతా ఘొల్లుమంది. ప్రిన్సిపాల్‌గారికి క్రీము పొలమారింది. సాయంత్రానికల్లా సవరణ సర్క్యులర్ వచ్చింది: సంప్రదాయబద్ధంగా వాహనంలో తెచ్చే ఉత్సవ ఆయుధాలకు ఈ నిబంధన వర్తించదు. దాన్ని నోటీసుబోర్డుకి అంటించే పని నాది. వెళ్లే దారిలో క్యాంటీన్ దగ్గర ఆగి, తలుపులమ్మగారికి వినపడేలా చదివాను. రెండోసారి ఇంకాస్త నిదానంగా చదివాను.

గురువారం పొద్దున గేటు ముందు పెళ్లికారు ఆగింది. ముందు ఇద్దరు డప్పులవాళ్లు. వెనకసీట్లో పట్టుగుడ్డ పరిచి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసిన కత్తిపీట! ఇంటి దగ్గరుండే రెండోది. పక్కనే తలుపులమ్మగారు పెళ్లిపెద్దలా కూర్చుంది. చంద్రరావు సర్క్యులర్ చదువుకుని, గేటు బార్లా తీసి సెల్యూట్ కొట్టాడు. ప్రిన్సిపాల్‌గారు కిటికీలోంచి చూసి కిటికీ వేసుకున్నారు.

ఆ మధ్యాహ్నం ఆవ పెట్టిన కంద బచ్చలి మారు వడ్డించుకుని తిన్నాను. పఫ్‌ల షాపు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అంతమాత్రాన మా కాలేజీలో నిబంధనలు సడలిపోయాయని అనుకునేరు! ఇవాళ పొద్దున కూడా లక్ష్మీదుర్గ కొత్త షార్ప్‌నర్‌ని చంద్రరావు పట్టుకున్నాడు.

పాపం, ఆ పిల్ల బస్సులో వస్తుంది.