మాస్టారు పెట్టిన పుట్టినరోజు

ఆ ఉదయం షావుకారు మంచం దిగకముందే ఆ రోజు పనులను తూకం వేసుకున్నాడు. పనులు రెండే. డిపార్ట్‌మెంట్ ఆఫీసులో ఉత్తరం మీద సంతకం చేయించుకోవాలి. ఆ ఉత్తరాన్ని సాయంత్రం ఐదులోపు వీసా ఆఫీసుకు చేర్చాలి. చేరిస్తే ఇంకో రెండేళ్లు ఇక్కడ చదువుకోవచ్చు. చేర్చకపోతే సగం చదువుతో పెట్టె సర్దుకోవాలి. సగం కోసిన రేకును ఎవరూ కొనరని ఇనప సామాను కొట్టులో పెరిగినవాడికి ఒకరు చెప్పాలా?

అతను నిజంగా షావుకారు కాదు. జీవశాస్త్రం చదువుకోవడానికి పోయిన సెప్టెంబర్‌లోనే పరాయి దేశం వచ్చిన కుర్రాడు. ఇనప సామాను కొట్టు నాన్నది. ఎవరైనా "బాగున్నావా" అని పలకరించినా, జవాబిస్తే తనకేం వస్తుంది, ఇవ్వకపోతే ఏం పోతుంది అని ఒక్క క్షణం ఆలోచించి గానీ నోరు విప్పడు. అందుకని గదిలో ఉండే స్నేహితుడు ఆ పేరు పెట్టాడు. ఆ స్నేహితుణ్ణి అందరూ వంటమాస్టర్ అంటారు. అన్నం అడుగంటకుండా వండగలిగినవాడు ఆ ఇంట్లో అతనొక్కడే.

"ఒరేయ్ షావుకారూ, సాయంత్రం త్వరగా వస్తావా? కూరగాయలకి వెళ్లాలి," అన్నాడు వంటమాస్టర్ పళ్లు తోముకుంటూ.

"ఆఫీసమ్మ ఉత్తరం ఇస్తే వస్తా. ఇవ్వకపోతే మొత్తానికే పోతా."

"నల్ల సిరాతోనే నింపావా? పోయిన నెల నాది నీలం సిరా అని మొహాన కొట్టింది."

"నల్లదే. మూడుసార్లు చూసుకున్నా."

ఆఫీసమ్మ అంటే డిపార్ట్‌మెంట్ ఆఫీసు నడిపే పెద్దావిడ. మంచి మనిషే గానీ, గడి గీత దాటిన సంతకాన్ని కూడా ఒప్పుకోదు. ఆవిడ బల్ల ముందు నిలబడ్డప్పుడు పెద్ద పెద్ద పరిశోధకులు సైతం చొక్కా గుండీలు సరిచూసుకుంటారు.

తొమ్మిదింటికి ఆవిడ కాగితం అందుకుంది. కళ్లద్దాలు సర్దుకుంది. పేరు చూసింది, పాస్‌పోర్టు నంబరు చూసింది, పుట్టిన తేదీ దగ్గర ఆగింది. గోడ మీది క్యాలెండరు వంక చూసి మళ్లీ కాగితం చూసింది. షావుకారు గుండె కాటా ముల్లులా అటూ ఇటూ ఊగింది.

"జూన్ ఒకటి! ఈ రోజే!" అంటూ ఆవిడ లేచి వచ్చి అతని రెండు చేతులూ పట్టుకుంది. "పుట్టినరోజు శుభాకాంక్షలు, బాబూ!"

ఇంకెవరైనా వచ్చారేమోనని షావుకారు వెనక్కి తిరిగి చూశాడు.

అసలు సంగతి ఏమిటంటే, అతను పుట్టింది నవంబర్ పంతొమ్మిదిన. బడిలో చేర్చే రోజున మాస్టారు వేళ్లమీద లెక్కపెట్టి, "ఐదేళ్లు నిండలేదండీ" అన్నారు. "నింపండి" అన్నాడు నాన్న. మాస్టారు నింపారు. ఆ విధంగా షావుకారు, అమ్మ కడుపులో రెండు నెలల నలుసుగా ఉండగానే, సర్కారు లెక్కలో పుట్టేశాడు. ఆ తేదీ పదో తరగతి సర్టిఫికెట్‌లోకి ఎక్కింది, అక్కణ్ణుంచి పాస్‌పోర్టులోకి, ఇప్పుడు ఆఫీసమ్మ చేతిలోకి వచ్చింది. ఇంట్లో ఆ తేదీ ఎవరికీ గుర్తు కూడా లేదు.

షావుకారు గబగబా లెక్క వేసుకున్నాడు. 'ఇవాళ కాదండీ' అంటే, 'మరి కాగితంలో ఇదేమిటి' అంటుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్తే ఉత్తరం ఆగుతుంది. 'అవునండీ' అంటే ఒక నవ్వుతో పోతుంది. ఇంత చవగ్గా దొరికేదాన్ని వదులుకోవడం ఎందుకు?

"అవునండీ. థాంక్స్ అండీ," అన్నాడు.

"ప్రొఫెసర్‌గారి సంతకం సంగతి నేను చూసుకుంటాను. నాలుగింటికి టీ గదికి రా, అందరూ వస్తారు. ఈలోపు వీలు చూసుకుని ఒకసారి ఇటు..."

మిగతా మాట వినడానికి షావుకారు అక్కడ లేడు. ఆవిడ మనసు మారేలోపు గుమ్మం దాటడం మంచిదనుకున్నాడు. ఆ తర్వాత కూడా ఆఫీసు ముందునుంచి నడవకుండా వెనక మెట్ల మీదుగానే తిరిగాడు.

పదకొండింటికి వంటమాస్టర్ ఫోను చేత్తో పట్టుకుని ల్యాబులోకి దూసుకొచ్చాడు. ఆఫీసమ్మ అంతస్తు మొత్తానికీ మెయిల్ పెట్టేసింది.

"ఏరా, ఏడాదికి ఎన్నిసార్లు పుడతావు? నవంబర్‌లో నా కుక్కర్‌లో కేకు వండించుకున్నావు. ఉడకడానికి మూడు గంటలు, గిన్నె తోమడానికి రెండ్రోజులు. ఇప్పుడు జూన్‌లో ఇంకోటా?"

"అరవకురా బాబూ. ఇది సర్టిఫికెట్ పుట్టినరోజు."

"ఓ, మాస్టారు పెట్టిందా?" వంటమాస్టర్ కోపం అక్కడికక్కడే చల్లారింది. తను ఆస్పత్రిలో, కాగితంతో సహా పుట్టినవాడే అయినా, వాళ్ల నాన్నా బాబాయిలూ అందరూ జూన్ వాళ్లే. "మరైతే ఆవిడకి చెప్పెయ్."

"ఏమని? పాస్‌పోర్టులో తేదీ ఉత్తుత్తిది, మిగతాదంతా నిజమే, నమ్మండి అనా? నీలం సిరానే నమ్మని మనిషి!"

"అదీ నిజమే." వంటమాస్టర్ తల గోక్కున్నాడు. "సరే, కేకు తినేసి వచ్చెయ్. అవునూ, టీ గది బోర్డు మీద నీ ఫొటో ఉంది కదూ? కుక్కర్ కేకు పట్టుకుని ఇకిలిస్తుంటావు. కింద అక్క 'నవంబర్ 19' అని ఇంత లావున రాసింది."

అక్క అంటే పై అంతస్తులో పరిశోధన చేసే సీనియర్. తోబుట్టువు కాకపోయినా, జ్వరం వస్తే మందులూ పొగరు వస్తే చివాట్లూ ఆవిడే ఇస్తుంది. ఆ ఫొటోను కూడా ముచ్చటపడి ఆవిడే అంటించింది.

షావుకారు వెంటనే టీ గదికి పరిగెత్తాడు. కుర్చీ ఎక్కి, ఫొటోకు గుచ్చిన నాలుగు పిన్నుల్లో మూడు పీకాడు. నాలుగోది పీకుతుండగా ప్రొఫెసర్‌గారు బెలూన్ల సంచీతో లోపలికి వచ్చారు.

"నీ పుట్టినరోజుకు నువ్వే అలంకరిస్తున్నావా? భేష్," అని ఆయన సంచీ అతని చేతికిచ్చారు. తర్వాత ఒంటి పిన్నుకు వేలాడుతున్న ఫొటోను మెడ వంచి చూశారు. "ఇది నువ్వే కదూ? నవంబర్ పంతొమ్మిదా?"

"నేను కాదండీ. మా తమ్ముడండీ. నవంబర్‌లో చూడ్డానికి వచ్చి వెళ్లాడు."

"అచ్చం నీలాగే ఉన్నాడే! కవలలా?"

"అవునండీ," అన్నాడు షావుకారు అదే ఊపులో.

అడిగినంత ఇచ్చి ఊరుకోవలసిన చోట అతను కొసరు కూడా వేశాడు. ఆ సంగతి ప్రొఫెసర్‌గారి మొహం చూశాక తెలిసింది. ఆయన నలభై ఏళ్లుగా వంశపారంపర్యం మీద పరిశోధన చేస్తున్న మనిషి.

"నువ్వు జూన్ ఒకటి," అన్నారాయన నెమ్మదిగా. "తమ్ముడు నవంబర్ పంతొమ్మిది. అదే సంవత్సరమా?"

"అదే సంవత్సరమండీ," అన్నాడు షావుకారు. కుర్చీ మీద నిలబడి ఇంకో సంవత్సరం కల్పించడం అతనికి చేతకాలేదు.

ప్రొఫెసర్‌గారు పక్కనున్న కుర్చీలో కూర్చుండిపోయారు. "ఐదున్నర నెలలు!" అన్నారు గాలిలోకి చూస్తూ. "బాబూ, నేను మీ అమ్మగారితో మాట్లాడాలి. ఇవాళే."

నాలుగయ్యేసరికి టీ గది నిండిపోయింది. కేకు వచ్చింది. బెలూన్లలో సగం షావుకారు ఊదినవే. ఆఫీసమ్మ చేతిలో ఏ కాగితమూ కనిపించలేదు. ఐదింటికి వీసా ఆఫీసు మూసేస్తారు. అతను గోడ గడియారం వంక, గుమ్మం వంక, మళ్లీ గడియారం వంక చూస్తున్నాడు. అమ్మ మాటలను అక్కడి భాషలో చెప్పడానికి అక్కను పిలిపించారు.

"అక్కా, నన్ను నువ్వే కాపాడాలి. నాకు కవల తమ్ముడున్నాడని చెప్పేశాను," అన్నాడు షావుకారు ఆమె చెవిలో.

"ఎందుకు చెప్పావురా?"

"అడిగారు."

ఈలోగా వంటమాస్టర్ ఫోను కలిపి గోడ మీది పెద్ద తెరకు తగిలించాడు. తెర నిండా అమ్మ మొహం. అక్కడ అప్పుడే దీపాలు పెట్టే వేళ.

"ఏమైందిరా? వీళ్లంతా ఎవరు? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందమ్మా. పుట్టినరోజు చేస్తున్నారు."

"ఎవరికి?"

"నాకే."

"నీకా? నీది నవంబర్ కదరా!"

ఆ గదిలో చాలామందికి అమ్మ మాటల్లో ఒక్కటీ తెలియదు, నవంబర్ తప్ప. అందరి తలలూ షావుకారు వైపు తిరిగాయి. ప్రొఫెసర్‌గారు మాత్రం చప్పట్లు కొట్టారు. "అదిగో, రెండోవాడి సంగతి చెబుతున్నారు! ఆ ఐదున్నర నెలలూ ఎలా గడిచాయో అడగండి!"

అక్క తెర వైపు తిరిగింది. "పిన్నిగారూ, వీడు పుట్టినప్పుడు బాగా కష్టపడ్డారా అని అడుగుతున్నారండీ."

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని కాస్త ముందుకు జరిగింది.

"కష్టమా తల్లీ! నెలలు నిండకుండానే వచ్చేశాడు. రెండ్రోజులు నొప్పులు. పుట్టాక చూస్తే ఇంతే, నా అరచేతికి కాస్త ఎక్కువ. ఏడవను కూడా లేదు. బతుకుతాడని ఎవరూ అనలేదు, బతకడని అనడానికీ నోరు రాలేదు. వాళ్ల నాన్న పరిగెత్తుకెళ్లి కొట్లోంచి మేకులు తూచే కాటా తెచ్చాడు. నా పాత చీర మడిచి పళ్లెంలో పరిచి వీణ్ణి పడుకోబెట్టాడు. కిలోన్నర, మీద నాలుగు మేకులు."

"నాలుగు కాదు, ఆరు," అంది తెర వెనక నుంచి నాన్న గొంతు.

"ఆరే అనుకో. రోజూ పొద్దున్నే తూచేవాడమ్మా. మేకు బరువు పెరిగినా వీధిలో అందరికీ చెప్పొచ్చేవాడు. అలా పెంచుకున్నాం." ఆమె కొడుకును తేరిపార చూసింది. "ఇప్పుడు తిండి సరిగా తింటున్నాడా?"

వెనక నుంచి నాన్న ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. అక్క సగం వరకు వాళ్ల భాషలో చెప్పి, తర్వాత చెప్పలేక ఆగిపోయింది. ప్రొఫెసర్‌గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు.

షావుకారు తెర వంక చూస్తూ నిలబడ్డాడు. ఇరవై మూడేళ్లలో ఎన్నో బేరాలు చేశాడు. ఎక్కువ ఇచ్చి తక్కువ తెచ్చుకున్నవీ ఉన్నాయి. కానీ అమ్మ రెండ్రోజులు నొప్పులు పడి సంపాదించిన రోజును, నాన్న మేకులతో తూచుకున్న రోజును, ఒక లేని తమ్ముడికి ఉత్తపుణ్యాన రాసిచ్చేయడం లాంటి దివాలా బేరం ఇంకొకటి లేదు. గడియారం నాలుగుంపావు చూపిస్తోంది. ఇప్పుడు నోరు విప్పితే ఏం పోతుందో అతనికి తెలుసు. మొదటిసారి తూకం వేయకుండా మాట్లాడాడు.

"నాకు తమ్ముడు లేడండీ," అన్నాడు అందరికీ అర్థమయ్యే భాషలో. "ఆ ఫొటోలో ఉన్నది నేనే. నేను పుట్టింది నవంబర్‌లో. జూన్ ఒకటి మా బడి మాస్టారు వేసిన తేదీ, బడిలో చేర్చుకోవడానికి వయసు చాలక. ఉత్తరం ఇవ్వకపోయినా ఫర్వాలేదు, పెట్టె సర్దుకుంటాను. కానీ ఆ రోజు మా అమ్మది. దాన్ని ఇంకొకళ్లకు ఇవ్వలేను."

గదిలో బెలూన్ ఒకటి గాలి పోయి బుస్సుమంది. అందరూ ఆఫీసమ్మ వంక చూశారు.

ఆవిడ కేకు కోసే కత్తి బల్ల మీద పెట్టింది. "పదిహేనేళ్లుగా ఆ కుర్చీలో కూర్చుంటున్నాను. మీ వైపు నుంచి ఇరవై ఆరుమంది పిల్లలు వచ్చారు. అందులో పందొమ్మిదిమంది పుట్టింది జూన్‌లోనే. మొదట్లో మీ దగ్గర అది కాన్పుల నెలేమో అనుకున్నాను. తర్వాత ఒకమ్మాయి అసలు సంగతి చెప్పింది."

అక్క పైకప్పు వంక చూడసాగింది.

"అక్కా, నీదీ...?"

"జూన్ ఒకటేరా. ఐదేళ్ల నుంచి ఇక్కడ కేకు కోస్తున్నా. కేకు మీద రెండు పేర్లున్నాయి, కళ్లు పెట్టి చూడు."

షావుకారు కేకును అప్పుడు చూశాడు. రెండు పేర్లున్నాయి.

"మరి అన్నీ తెలిసి ఎందుకు చేస్తారండీ?" అని అడిగాడు ఆఫీసమ్మను.

"మీరు నా దగ్గరికి ముందు కాగితంగానే వస్తారు, మనిషిగా తర్వాత వస్తారు. కాగితంలో మీరు పుట్టింది ఇవాళే. నా వంతుకు ఈ రోజు వచ్చింది, నేను చేస్తున్నాను. మీ అమ్మల రోజు ఎక్కడికీ పోదు," అంది ఆవిడ. "ఇకపోతే నీ ఉత్తరం. పదింటికే సంతకమైంది. పన్నెండింటికి నేనే వీసా ఆఫీసుకు పంపేశాను, చేరినట్టు జవాబు కూడా వచ్చింది. ఒకసారి ఇటు రా అన్నది అది చెప్పడానికే. నువ్వేమో పొద్దుటినుంచీ వెనక మెట్లు అరగదీస్తున్నావు."

షావుకారు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"ఏమంటున్నార్రా ఆవిడ?" అంది తెర మీద అమ్మ ఆదుర్దాగా. "ఎందుకురా కళ్లు తుడుచుకుంటున్నావు?"

"ఏం లేదమ్మా. ఇంకో రెండేళ్లు ఉండొచ్చట. కేకు కోయమంటున్నారు."

"కోయరా మరి, అంతమందిని నిలబెట్టి చూస్తావేం? నవంబర్‌లో నేనెలాగూ దీవిస్తాను. ఇవాళ కూడా దీవిస్తే అరిగిపోతావా? తల వంచు."

షావుకారు ఆ దేశపు టీ గదిలో, ఇరవైమంది ఎదుట, గోడకు తల వంచాడు. పక్కన అక్క కూడా వంచింది. అమ్మ ఇద్దర్నీ కలిపే దీవించింది. వంటమాస్టర్ మొదటి ముక్క నోట్లో వేసుకుని, తన కుక్కర్ కేకే దీనికన్నా మెత్తగా ఉందని పక్కవాళ్లతో వాదన పెట్టుకున్నాడు.

ప్రొఫెసర్‌గారు ఆ సాయంత్రం తొంభై ఏళ్ల తన తల్లికి ఫోన్ చేసి, తాను సరిగ్గా ఏ రోజున పుట్టారో అడిగారనీ, ఆవిడ జవాబు చెప్పడానికి కాస్త తటపటాయించిందనీ మర్నాడు ఆఫీసమ్మ చెప్పింది.