శనిగ్రహంతో వచ్చిన సలహాదారు

ఆ రోజు ఉదయం ఆర్కిటెక్టు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చెయ్యాలి, తెల్లచొక్కా తొడుక్కోవాలి, భోజనాలబల్ల మీదున్న అంతరిక్ష మ్యూజియం నమూనాను తీసుకెళ్ళి కమిటీ ముందు పెట్టాలి. నగరం నడిబొడ్డున కట్టబోయే ఆ మ్యూజియంలో పిల్లలు దేన్నైనా ముట్టుకోవచ్చు. చంద్రుడి నేల మీద గెంతవచ్చు, శనిగ్రహాన్ని చేత్తో తిప్పి మిగతా గ్రహాలన్నిటినీ తిప్పవచ్చు. ఈసారి కూడా కమిటీ పెదవి విరిస్తే పని ఇంకొకరికి పోతుంది. అతను మళ్ళీ అపార్టుమెంట్లకు బాత్రూములు గీసుకుంటూ బతకాలి.

అందుకే శనిగ్రహానికి ఒక అట్టముక్క అంటించాడు: "ముట్టుకోవద్దు."

కళ్ళజోడు లేకపోతే అతని అత్తగారికి అక్షరాలు ఆనవు. ఏం రాశాడోనని అట్టముక్కను కళ్ళ దగ్గరికి లాగింది. దాంతోపాటు గుమ్మటం కింది చువ్వ నుంచి శనిగ్రహమూ ఊడి చేతికొచ్చింది. అల్లుడు స్నానాలగదిలోంచి వచ్చేలోగా అతికించేద్దామని పక్కనే ఉన్న జిగురు పూసింది. గ్రహం చువ్వకు అతుక్కుంది. ఆవిడ వేలు గ్రహానికి అతుక్కుంది.

"ఏమండీ, అమ్మకు శని పట్టింది!" అని భార్య కేకేసింది.

"అది పట్టలేదే, నేనే పట్టుకున్నాను," అంది అత్తగారు.

అల్లుడు తడితలతో పరిగెత్తుకొచ్చాడు. "లాగకండత్తయ్యా! ఆ చువ్వ ఊడితే గుమ్మటం మొత్తం కూలుతుంది."

"అయితే నా వేలు కోస్తావా నాయనా?"

అల్లుడు వెంటనే కాదనలేదు. భార్య అది గమనించింది.

"ఆ చూపేంటి? అమ్మను కూడా తీసుకెళ్ళండి!"

నైటీ మీద శాలువా కప్పుకుని అత్తగారు టాక్సీ ఎక్కింది. నమూనా ఇద్దరి ఒళ్ళోనూ సర్దుకుంది. మలుపులో డ్రైవరు బ్రేకు వేసేసరికి ఆవిడ పడిపోకుండా రెండో చేత్తో చంద్రుణ్ణి పట్టుకుంది. చంద్రుడు నలిగాడు.

"ఇంత మెత్తగా చేశావేంటయ్యా?"

"ఆసరాకి చెయ్యలేదత్తయ్యా."

కార్యాలయం గుమ్మం దగ్గర కాపలావాడు అడ్డుపడ్డాడు. "ఈవిడెవరు సార్?"

"నా... నా సలహాదారు," అన్నాడు అల్లుడు. ఆ మాట వాళ్ళకంటే ముందే పైకి చేరింది.

కమిటీ అంటే తెలిసిందే కదా. సొంతంగా కోళ్ళగూడు కూడా కట్టనివాళ్ళు, ఇంకొకరు కట్టేదాన్ని కాదనడానికి కుర్చీలు వేసుకునే ఏర్పాటు. అధ్యక్షుడికి ఇప్పటిదాకా ఏదైనా నచ్చినట్టు దాఖలా లేదు.

"సలహాదారుగారికి కాఫీ ఇవ్వండి," అన్నాడాయన.

అత్తగారు ఎడంచేత్తో కప్పు అందుకుంది. గుక్కెడు తాగినప్పుడల్లా కుడిచెయ్యి కదిలింది, గ్రహాలన్నీ గిర్రున తిరిగాయి. అధ్యక్షుడు కుర్చీలోంచి లేచి చెయ్యి చాచాడు.

"ముట్టుకోకండి!" అని అల్లుడు అలవాటుకొద్దీ అరిచాడు.

అధ్యక్షుడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బాత్రూములన్నీ అతని కళ్ళముందు బారులు తీరాయి.

"అలాగే అంటాడు లెండి," అంది అత్తగారు. "ఇంట్లో మమ్మల్నీ ముట్టుకోనివ్వడు. తిండి కూడా మరిచిపోయి, దీని ముందే కూర్చుని చిన్నపిల్లాడిలా తిప్పుకుంటాడు. మీరు తిప్పండి బాబూ, ఏం కాదు."

అధ్యక్షుడు తిప్పాడు. గురుగ్రహం ఊడి చేతికొచ్చింది. ఆయన కిసుక్కున నవ్వాడు. అంతే, కమిటీ మొత్తం ఎగబడింది. "నన్ను చూడనివ్వండీ!" "మీరిందాకే తిప్పారుగా!" చివరికి గుమ్మటం కుప్పకూలింది. శని ఒక్కటే అత్తగారి వేలిని నమ్ముకుని మిగిలింది.

"ఆమోదించాం," అన్నాడు అధ్యక్షుడు గురుగ్రహాన్ని వదలకుండా. "వచ్చినప్పట్నుంచీ చూస్తున్నాను, ఆవిడ చెయ్యి తియ్యనేలేదు. పెద్దావిడే ఇలా ఉంటే ఇక పిల్లలు వదుల్తారా?"

గుమాస్తా అమ్మాయి నెయిల్ పాలిష్ రిమూవర్ తెచ్చి, సలహాదారుగారిని చాటుగా విడిపించింది.

తర్వాత నమూనాను మళ్ళీ అతికించి, కార్యాలయం హాల్లో అద్దాలపెట్టెలో పెట్టారు. అధ్యక్షుడే దగ్గరుండి పెట్టె లోపల చిన్న అక్షరాలతో "ముట్టుకోరాదు" అని రాయించాడు. అది చూపిద్దామని అల్లుడు అత్తగారిని గర్వంగా వెంటబెట్టుకొచ్చాడు.

ఆవిడ కళ్ళజోడు ఇంట్లోనే మరిచిపోయి వచ్చింది.