ఉష్ణ పరికరం నెంబరు పదిహేడు

మనిషి ఎప్పుడు పుట్టాడన్నది మనిషి చేతిలో లేదు. కన్నతల్లి చేతిలో అంతకన్నా లేదు. అది యాంగోన్‌లో ఒకానొక పెద్దాసుపత్రి రెండో అంతస్తులో, మెట్లెక్కగానే కుడివైపు మూడో గదిలో, వయసు సవరణ విభాగం అధిపతి ఊ తౌన్ లిన్ గారి చేతిలో ఉంది. (పన్నెండు నుంచి ఒంటిగంటన్నర దాకా భోజన విరామం. ఆ సమయంలో ఎవరూ పుట్టరు.)

ఆసుపత్రి పేరు రాయను. దానికి ఎదురుగా లమ్మడా పేటలో నాకున్నది ఒక్క జిరాక్సు కొట్టు, ఆ ఆసుపత్రి ఫారాలన్నీ నా దగ్గరే నకళ్ళు తీయిస్తారు. మా తాత సేక్కాన్ రేవులో బియ్యం మూటలు మోశాడు, నేను కాగితాలు మోస్తున్నాను. ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడి తెలుగువాళ్ళకు ఫారాలు నింపిపెడుతూ నేను నేర్చుకున్నది ఒకటే. ఫారంతో వాదించకూడదు. దానికేం కావాలో కనుక్కుని అది పెట్టాలి, కొత్త కోడలు అత్తగారితో మెలిగినట్టు మెలగాలి.

ఇక విషయానికి వస్తాను. నా మేనకోడలు సుధామణికి ఏడు వారాలు ముందుగా ఆడపిల్ల పుట్టింది. కిలో ఆరువందల గ్రాములు. పుట్టగానే తీసుకెళ్ళి మూడో అంతస్తు వార్డులో అద్దాలపెట్టెలో పెట్టారు. నేను తలుపు గాజులోంచి చూశాను. ముక్కులో గొట్టం, నెత్తిన ఊలు టోపీ, బిగించిన పిడికిళ్ళు. లోకంతో అప్పుడే ఏదో పేచీ పెట్టుకున్నట్టుంది. నాకు చాలా నచ్చింది. సుధామణికి మాత్రం నచ్చడం, నచ్చకపోవడం కాదు, కావలసింది ఒక్కటే, ఆ పిల్లను ఎత్తుకోవాలి. నాలుగు రోజులైనా ఎత్తుకోలేదు.

ఆ వార్డులో అప్పుడొక పరిశోధన జరుగుతోంది. దాని పూర్తి పేరు "నెలలు నిండని శిశువులలో నొప్పి, లక్షణాల నిర్వహణ, ఎదుగుదల". (పేరు ఒక్కటే నా మెషీను మీద రెండు పంక్తులు పట్టేది.) ఆ పిల్లలకు రోజూ మడమలో సూది గుచ్చి రక్తం తీస్తారు. ఆ సమయంలో తల్లి గుండెల మీద పడుకోబెట్టుకుంటే నొప్పి తగ్గుతుందా, ఒళ్ళు తొందరగా వస్తుందా అన్నది మొదటి పేజీలో మొదటి ప్రశ్న. డాక్టర్లు మంచి ప్రశ్నే వేశారు. ఇంకో మంచి మాట కూడా రాశారు. ఏడు వారాలు ముందు పుట్టిన పిల్లను నెలలు నిండి పుట్టిన పిల్లతో పోల్చేటప్పుడు ఆ ఏడు వారాలూ తీసేసి చూడాలి, దాన్ని సవరించిన వయసు అంటారు.

ఈ మాట మూడో అంతస్తులో ఉన్నంతకాలం ఎవరికీ హాని చేయలేదు. రెండో అంతస్తుకు దిగింది. ఊ తౌన్ లిన్ గారు చదివి, ఒకే మనిషికి రెండు వయసులుండటం రిజిస్టర్లకు మంచిది కాదని భావించి, ఇకమీదట ఆసుపత్రి మొత్తానికి సవరించిన వయసే వయసు అని సర్క్యులరు జారీ చేశారు. దానికి నూటయాభై నకళ్ళు నేనే తీశాను. చదవకుండా తీశాను. అందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

మర్నాడు పాప పెట్టె మీద కొత్త చీటీ అంటించారు. వయసు: మైనస్ నలభై అయిదు రోజులు.

సుధామణి తల్లి పాసు కోసం కిటికీ దగ్గరికి వెళ్ళింది. తల్లి పాసుంటే రోజుకు ఇరవై నిమిషాలు లోపలికి రానిస్తారు. కిటికీలో ఉన్నావిడ కంప్యూటర్లో చూసి చాలా మర్యాదగా, శిశువు వయసు సున్నా గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్న స్త్రీనే తల్లి అంటారని, సుధామణి ఇంకా గర్భవతి అని చెప్పింది. శుభాకాంక్షలు కూడా చెప్పింది. చేతిలో గర్భవతుల కార్డు పెట్టి కింది అంతస్తు క్యూలోకి పంపింది.

క్యూలో మూడు గంటలు నిలబడ్డాక బరువు చూశారు. పోయిన నెలకన్నా అయిదు కిలోలు తగ్గావు, కడుపులో బిడ్డ గురించి కాస్తయినా ఆలోచన ఉందా అని నర్సు కేకలేసింది. ఐరన్ మాత్రలిచ్చి, మెట్లు ఎక్కొద్దని రాసిచ్చింది. (పాప మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు రోగులకు మాత్రమే. గర్భం రోగం కాదు.)

"మావయ్యా, నాను కన్నానా, కన్లేదా?" అంది సుధామణి బెంచీ మీద కూలబడి.

"కన్నావమ్మా. కాగితం ఇంకా కన్లేదు," అన్నాను.

మా అక్క సూర్యావతి, అంటే సుధామణి తల్లి, ఈ వ్యవహారాన్ని ఇంకో వైపు నుంచి పరిశీలించింది. "పదకొండో రోజుకి పురిటి స్నానం సేయించాలని నీలు కాసుకోడానికి బిందె తీసినాను. ఇప్పుడేటి, బిందె నోపలెట్టీసి మల్లీ సీమంతం సెయ్యాలా? గాజులెవులు తెత్తారు?" అని నన్ను నిలదీసింది. ఊ తౌన్ లిన్ గారి సర్క్యులరులో సీమంతం గురించి ఏమీ లేదని చెప్పాను. అయితే స్నానమే చేయిస్తానంది.

నొప్పి సంగతి ఇంకా ఉంది. పాపకు సూది గుచ్చినప్పుడల్లా నర్సు మొహం చూసి మార్కులు వెయ్యాలి. నుదురు ముడిస్తే ఇన్ని, కళ్ళు బిగిస్తే ఇన్ని, నోరు తెరిస్తే ఇన్ని, పదికి లెక్క. వాటిని ట్యాబులో ఎక్కించబోతే, పుట్టనివారికి నొప్పి నమోదు చేయరాదని ఎర్ర అక్షరాలు వచ్చాయి. పై అధికారులు రెండు రోజులు సమావేశమై, కడుపులో బిడ్డ అన్నాక దాని నొప్పి తల్లి నొప్పే కాబట్టి తల్లి పేరు మీద రాయమన్నారు. అందుచేత, ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకు కింద బెంచీ మీద కూర్చుని గోడకేసి చూస్తున్న సుధామణికి నొప్పి పదికి ఏడు అని నమోదయింది. ఆ ఆసుపత్రి రికార్డులన్నిటిలో ఆ ఒక్క ముక్కా సరిగ్గా రాశారని నా అభిప్రాయం.

పన్నెండో రోజు, మధ్యాహ్నం పన్నెండుంపావుకు, కరెంటు పోయింది. యాంగోన్‌లో కరెంటు పోవడం వార్త కాదు, అదున్నప్పుడే మనం చుట్టాలకు ఫోను చేసి చెప్పుకుంటాం. జనరేటరుంది. దాని డీజిలు తీయడానికి సంతకం కావాలి, సంతకం భోజనానికి వెళ్ళింది. నర్సులు సీసాల్లో వేణ్ణీళ్ళు పోసి పెట్టెల్లో పిల్లల పక్కన సర్దుతున్నారు. పాప ఒళ్ళు చల్లబడుతోందని లోపల ఎవరో అనడం వినిపించింది. సుధామణి తలుపు గాజుకు రెండు చేతులూ ఆనించి నిలబడింది. జాకెట్టు పాలతో తడిసిపోయింది. మా హరి, సుధామణి మొగుడు, సేక్కాన్‌లో ఓడల కంపెనీ గుమాస్తా, వెనకాల నిలబడి భార్య భుజం మీద చెయ్యి వేశాడు, తీశాడు, మళ్ళీ వేశాడు. ఇరవై నిమిషాలు. అప్పుడు నాకు హాస్యమేమీ తోచలేదు, ఇప్పుడు రాస్తున్నప్పుడూ తోచడం లేదు.

కరెంటు వచ్చాక హెడ్ నర్సు డా ఓన్ చీ బయటికి వచ్చింది. (ఇక్కడ గౌరవానికి మగవాళ్ళ పేరు ముందు ఊ, ఆడవాళ్ళ పేరు ముందు డా చేరుస్తారు.) అరవై ఏళ్ళావిడ, చెంపల నిండా థనఖా, అంటే ఇక్కడివాళ్ళు చందనంలా అరగదీసే చెక్క గంధం, పూసుకుని పసిపిల్లలా కనిపిస్తుంది గానీ వార్డంతా ఆవిడ కనుసన్నల్లో నడుస్తుంది. సుధామణి తడిసిన జాకెట్టు చూసింది. తరవాత నన్ను చూసింది.

"మనుషులను లోపలికి రానివ్వడానికి నాకు అధికారం లేదు, ఊ సత్యా," అంది నాతో బర్మా భాషలో, వాతావరణం గురించి చెబుతున్నట్టు. "సామాను తెచ్చుకోవడానికైతే ఫారం ఉంది."

ఆ ఫారం నా కొట్లోనే ఉంది, మూడో అరలో. నలుగురం బల్ల చుట్టూ కూర్చుని నింపాం. పరికరం పేరు: ఉష్ణ పరికరం, కరెంటు అవసరం లేనిది. తయారైన చోటు: లమ్మడా. తయారీదారు?

"నా పేరు రాయి," అంది మా అక్క వెంటనే. రాశాను.

ఏ ఇంధనంతో నడుస్తుంది అన్నదానికి రెండు పూటలా అన్నం, చేపల పులుసు అని రాశాను. శబ్దం చేస్తుందా అన్నదానికి అప్పుడప్పుడు పాడుతుంది అని రాశాను. ఆపే మీట ఎక్కడుంది అన్న దగ్గర ఆగి హరి మొహం చూశాను.

"నేదు మావయ్యా. పెల్లయిన కాడినుంచి ఎతుకుతన్నాను," అన్నాడు హరి. పన్నెండు రోజుల తరవాత సుధామణి నవ్వింది.

మర్నాడు పరికరాన్ని వెంటబెట్టుకుని ఊ తౌన్ లిన్ గారి గదికి వెళ్ళాను. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన టేబులు మీద మనవడి ఫోటో ఉంది, దాని మీదా వయసు చీటీ ఉంది. ఫారం అక్షరం అక్షరం చదివారు. సుధామణిని చాలాసేపు చూశారు. మళ్ళీ ఫారం చూశారు.

"పేలే ప్రమాదం ఉందా?"

"అకారణంగా పేలదండీ," అన్నాను.

సంతకం చేసి, నెంబరు వేసి, స్టిక్కరిచ్చారు. ఉష్ణ పరికరం, పదిహేడు. డా ఓన్ చీ దాన్ని సుధామణి భుజాన అంటించి, వార్డు తలుపు తెరిచి, పాపను పెట్టెలోంచి తీసి రొమ్ముల మధ్య పెట్టి, పైన దుప్పటి కప్పింది. గడ్డం కింద ఆ ఊలు టోపీతో, కదిలితే పాపకు ఎక్కడ ఇబ్బందో అన్నట్టు సుధామణి కళ్ళతోనే నాకు సెలవిచ్చింది. నేను తలుపు బయట నిలబడి ముక్కు చీదుకున్నాను. జలుబు.

మరునాడు పొద్దున మడమలో సూది గుచ్చితే పాప నుదురు ముడిచింది, ఒక కూత కూసింది, తల్లి ఒంటికి ముక్కు రుద్దుకుని పడుకుంది. పదికి రెండు. ట్యాబు లెక్క ప్రకారం తగ్గింది సుధామణి నొప్పి. అదీ నిజమే.

ఇక్కడ నిబంధనలను పొగడక తప్పదు. తల్లికి రోజుకు ఇరవై నిమిషాలు. పరికరాన్ని మాత్రం అనుమతి లేకుండా వార్డులోంచి కదిలించకూడదు. కాబట్టి సుధామణి పగలూ రాత్రీ అక్కడే ఉంది. రోజుకు రెండుసార్లు పరికరం శుభ్రపరచడానికి గంట విరామం ఉంది, అప్పుడు స్నానం చేసి తినేది. ఆ గంటా పాపను ఎవరు చూడాలన్న ప్రశ్న వస్తే హరిని విడిభాగం కింద రాయించాం. ఇంకా నయం, ఏ స్క్రూ అని అడగలేదు. ఈలోగా గర్భవతుల క్లినిక్కువాళ్ళు సుధామణి రావడం లేదని ఇంటికి మనిషిని పంపారు. గర్భిణి మూడో అంతస్తులో సామాను కింద ఉందని మా అక్క చెప్పింది. ఆ అమ్మాయి రాసుకుని వెళ్ళింది.

పాప ఒళ్ళు చేసింది. గొట్టం తీసేశారు. రొమ్ము పట్టి పాలు తాగింది. ముప్ఫైతొమ్మిదో రోజున, అంటే పుట్టడానికి సరిగ్గా పది రోజులు ముందు, డిశ్చార్జి చేశారు.

పాపను ఇంటికి తీసుకెళ్ళవచ్చు గానీ ఆసుపత్రి పరికరాన్ని బయటికి తీసుకెళ్ళకూడదు. నిరుపయోగమని తేలితే తప్ప. ముగ్గురు సభ్యుల కమిటీ వచ్చి సుధామణి చుట్టూ ఒకసారి తిరిగారు. లోపమేమిటని అడిగారు.

"ఈ ఒక్క పాపకే పనిచేస్తుంది. మిగతావాళ్ళకు పెడితే వేడెక్కదు," అంది డా ఓన్ చీ.

"మరమ్మతు చేస్తే?"

"వీలు కాదు. తయారీలోనే అలా వచ్చింది."

నిరుపయోగం అని ముద్ర వేశారు. మా అక్కకు తయారీ మాట కాస్త గుచ్చుకుంది గానీ సుధామణి పట్టించుకోలేదు. "ఏటైనా రాసుకోండి. ఎలిపోమంతే సాలు," అంది, పాపను పైట కింద ఇంకాస్త దగ్గరగా లాక్కుని. పది రోజుల తరవాత, బిడ్డ క్షేమంగా పుట్టినందుకు అభినందనలు అని దాని ఫోనుకు సందేశం వచ్చింది. పాప అప్పుడు ఎక్కిళ్ళతో పోరాడుతోంది, చదివి వినిపించినా లక్ష్యపెట్టలేదు.

పోయిన వారం పరిశోధన నివేదిక నకళ్ళ కోసం నా కొట్టుకే వచ్చింది. ఈసారి చదివే తీశాను. ఉష్ణ పరికరం నెంబరు పదిహేడు వాడిన శిశువుకు సూది నొప్పి ఏడు నుంచి రెండుకు తగ్గిందట. ఎదుగుదల వార్డులో అందరికన్నా మెరుగట. కరెంటు పోయినా ఒళ్ళు చల్లబడలేదట. అటువంటి పరికరాలు మరో ఇరవై అత్యవసరంగా కొనాలని, అవి స్థానికంగా దొరికే సూచనలు లేవు కనుక విదేశాల నుంచి తెప్పించాలని కమిటీ ఏకగ్రీవంగా సిఫార్సు చేసింది. నేను ఆ కాగితాలు మెషీనులో పెడుతున్నప్పుడు, వీధికి అవతల ఆ వార్డు తలుపు గాజుకు ఇంకో నలుగురు తల్లులు చేతులానించి నిలబడి ఉన్నారు.

తల్లి దగ్గరుంటే శిశువుకు నొప్పి తగ్గుతుందా అన్న మొదటి ప్రశ్నకు చివరి పేజీలో జవాబుంది. పరిశోధన జరిగిన కాలంలో తల్లులెవరూ వార్డులోకి రాలేదు గనుక, తల్లి వల్ల ఉపయోగం ఉందనడానికి ఆధారాలు లేవు.