ఐదు వేళ్ళ ఆర్డర్

ఆ ఉదయం టైలర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. లీజు పొడిగించడానికి షాపు ఓనర్ వస్తున్నాడు. సంతకం పెట్టేలోపు ఆయన నోట్లో మెత్తటి బన్ను పడితే మనసూ మెత్తబడుతుంది. అంతే.

బేకరీ ఎదురుగానే ఉంది. వేరే దేశం నుంచి వచ్చినావిడ ఈమధ్యే తెరిచింది. నడుమ రోడ్డు మీద లారీల రొద. గొంతు చించుకున్నా వినపడదు. టైలర్ మెడలో టేపుతోనే షాపు అద్దాల తలుపు దగ్గరికెళ్ళి, చెయ్యి చాచి ఐదు వేళ్ళూ విప్పి చూపించాడు. ఐదు బన్నులు.

బేకరీ ఆవిడ మొహం జేవురించింది. చేతిలో ట్రే కింద పెట్టి, రెండు అరచేతులూ ఒకేసారి అతని మీదికి విసిరినట్టు చూపించింది.

“పది అంటోందేంట్రా?” అన్నాడు టైలర్.

గుండీలు కుడుతున్న బావమరిది తలెత్తాడు. వీధిలో అందరూ అతన్ని డిటెక్టివ్ అంటారు. ఊరికే అనరు, పాలు విరిగినా దీని వెనక ఎవరున్నారని అడిగే రకం.

“బన్నుల సంగతి కాదు బావా. పదో తారీఖు. ఆలోపు ఖాళీ చెయ్యమంటోంది.”

“చెయ్యమనడానికి ఆవిడెవరు?”

“అదే మరి! ఓనర్‌తో ముందే మాట్లాడేసుకుంది. మొన్న మన గోడల్ని అదే పనిగా చూడలేదూ? పిండి బస్తాలకి చోటు కావాలి.”

టైలర్ ఖాతాదార్లంతా ఈ వీధివాళ్ళే; ఈ షాపు పోతే పొయ్యి వెలగదు. అయినా ధైర్యం తెచ్చుకుని, ఐదే అని తేల్చి చెప్పడానికి చెయ్యి ఇంకా ముందుకు తోసి ఊపాడు.

ఆవిడ షట్టర్ ధడాలున దించేసింది.

“చూశావా? గుట్టు బయటపడిందని దాక్కుంది.”

అంతలో ఓనర్ కారు దిగాడు. ఇటు రాబోతుంటే, పక్క తలుపులోంచి బేకరీ ఆవిడ పరుగున వచ్చి ఆపేసింది. ఇటే చూపిస్తూ ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడుతోంది. ఓనర్ నుదురు చిట్లించాడు.

“బావా, మిషన్లకి తాళ్ళు కట్టనా?”

“నోర్ముయ్‌రా!”

ఓనర్ వస్తూనే నిలదీశాడు. “పొద్దున్నే ఆవిణ్ణి అంత ఘోరంగా తిట్టావేంటయ్యా?”

“అయ్యో, నేను నోరే విప్పలేదండీ! ఇలా ఐదు బన్నులు అడిగా, అదీ మీకోసమే!”

ఓనర్ ఆ చేతివంక కాసేపు చూసి, నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడ్డాడు. “వాళ్ళ దేశంలో అరచెయ్యి అలా చూపిస్తే మొహాన బురద కొట్టినట్టేనట! రెండు చేతులైతే రెట్టింపు. నువ్వు కొట్టావు, ఆవిడ రెండింతలు తిరిగిచ్చింది, నువ్వు మళ్ళీ కొట్టావు. ‘వాడైనా ఉండాలి, నేనైనా ఉండాలి’ అంటోంది. ముందు ఆవిణ్ణి మంచి చేసుకో. సంతకం తర్వాత.”

“కట్టుకథ బావా, నమ్మకు” అని గొణిగాడు డిటెక్టివ్.

టైలర్ వినిపించుకోలేదు. ఉన్నవాటిలో మంచి నీలం గుడ్డ తీసి ఆదరాబాదరాగా ఏప్రన్ కుట్టాడు. వేళ్ళు ఎవరికీ కనపడకుండా చేతులు రెండూ దాని కింద దాచుకుని రోడ్డు దాటాడు. ఓనర్ వెంట వెళ్ళి సంగతి విప్పి చెప్పాడు. ఆవిడ కాసేపు ఇద్దరినీ ఎగాదిగా చూసి, ఆ తర్వాత పడీపడీ నవ్వింది. లీజు మీద సంతకం ఆవిడ కౌంటర్ దగ్గరే అయిపోయింది.

టైలర్ తేలికపడ్డ గుండెతో తిరిగొచ్చి మిషన్ ముందు కూర్చున్నాడు. ఎదురుగా ఆవిడ ఏప్రన్ కట్టుకుని అటూ ఇటూ తిరిగి చూసుకుంటోంది. కుట్టు బ్రహ్మాండంగా ఉందని చెప్పడానికి, తన దేశపు పద్ధతిలో వేళ్ళ కొసలు దగ్గర చేర్చి, ముద్దు పెట్టుకుని, ఆ చెయ్యి టైలర్ వైపు పువ్వులా విప్పింది.

డిటెక్టివ్ సూది పక్కన పెట్టి ఫోన్ అందుకున్నాడు.

“అక్కా, బావ విషయం... ఫోన్‌లో వద్దు. నువ్వే ఓసారి షాపుకి రా.”

లీజు ప్రకారం టైలర్‌కి ఆ షాపులో ఇంకా చాలా ఏళ్ళు ఉండే హక్కుంది; ఆ రాత్రి పడుకున్నది కూడా అక్కడే.