అయిదు రోజుల టికెట్టు మీద ఆదాయం

జహనుమా పేట పాలవ్యాపారి బాలనర్సింహ నిజాయితీపరుడని సంబంధిత అధికారులు నిర్ధారించి, నిండు సభలో శాలువా కప్పారు. అంతకుముందు ఆ నిజాయితీకి కొంత చికిత్స అవసరమైంది.

బ్యాంకులు జాతీయమై ప్రజలపరమైన కొత్త అది. బాలనర్సింహకున్న రెండు బర్రెల్లో ఒకటి ఒట్టిపోయింది. ఇంకొకటి కొంటేగాని ఇల్లు గడవదు. బ్యాంకు మేనేజరు వైకుంఠం పేదల పక్షపాతి కనుక, అప్పు అప్పటికప్పుడు ఇస్తానన్నాడు. ఆదాయమంతా పన్నుల ఆఫీసులో చెప్పుకొని ఒక కాగితం తెస్తే చాలన్నాడు. పన్ను కట్టేంత ఆదాయం లేనివాడు, లేదని రుజువు తెచ్చుకోవడం మన దేశంలో మర్యాద.

పాల సంగతి తేలిగ్గానే తేలింది. పాలలో కలిసే నీళ్లకు పన్ను లేదు గనుక వాటి ఊసెత్తలేదు. అడ్డుపడిందల్లా ఆ చలికాలం అమ్మిన క్రికెట్టు టికెట్టు. పన్నుల అధికారి రామలింగయ్య ఇంట్లో పాలు పోసేది బాలనర్సింహే. పాల పైసలు అడిగినప్పుడల్లా అయ్యగారు ఏదో ఒక ఉచిత పాసు చేతిలో పెట్టేవారు. సర్కసయితే చూశాడు, కవ్వాలీ అయితే విన్నాడు. ఈసారి ఇచ్చింది అయిదు రోజుల టెస్టు మ్యాచి టికెట్టు. బర్రెలకు టెస్టు మ్యాచీల సెలవు లేదు. అందుకని స్టేడియం గేటు దగ్గర, ముఖానికి మఫ్లరు చుట్టుకొచ్చిన ఒక పెద్దమనిషికి మంచి ధరకు అమ్మేశాడు. మఫ్లరు జారితే తెలిసింది, ఆయన వైకుంఠమని.

"గదొక్కటి చెప్పకుంటే ఏమైతది?" అంది భార్య రుక్మాబాయి.

"అంతా చెప్పుమన్నరు. రేపు తెలిసి బర్రెను గుంజుకపోతే ఎవని కాళ్లు పట్టుకోవాలె?" అన్నాడు.

పన్నుల ఆఫీసులో గుమాస్తా, అతను ఆదాయం రాసిచ్చిన కాగితంలో టికెట్టు వాక్యం చదివి కళ్లజోడు తుడుచుకున్నాడు. టికెట్టు లాభానికి అమ్ముకున్నానని వచ్చి చెప్పిన మానవుడు అంతవరకు లేడు. సినిమాహాళ్ల ముందు టికెట్లు బ్లాకులో అమ్మి మేడలు కట్టినవాళ్లున్నారు గాని, వాళ్లు ఆఫీసుకు రారు. ఆఫీసే సకుటుంబంగా వాళ్ల దగ్గరికి వెళుతుంది. గుమాస్తా పద్ధతి ప్రకారం, టికెట్టు ఎవరిచ్చారు, ఎవరు కొన్నారు అని అడిగాడు. బాలనర్సింహ రెండు పేర్లూ గట్టిగా చెప్పాడు. గుమాస్తా కాగితం పట్టుకొని అయ్యగారి గదిలోకి పరుగెత్తాడు.

రామలింగయ్య అతన్ని లోపలికి పిలిచి తలుపు వేయించారు.

"ఆదాయమనగా కష్టపడి సంపాదించినది. నీకు లభించినది అభిమానం. అభిమానంపై పన్ను విధించేంతగా ఈ దేశం దిగజారలేదు," అని సెలవిచ్చారు.

"పాల పైసల కింద ఇచ్చిండ్రు గద సార్."

అయ్యగారి గ్రాంథికం అక్కడితో అయిపోయింది. "నీకు బర్రె కావాల్నా, గా ముక్క కావాల్నా?"

బాలనర్సింహ ఇంట్లో ఖాళీ చెంబును తలుచుకున్నాడు. ఆ వాక్యాన్ని తన చేత్తోనే కొట్టేశాడు. పాలల్లో నీళ్లు పోసేటప్పుడు ఎన్నడూ సిగ్గుపడలేదు గాని, ఆ రోజు అతనికి నిజంగా సిగ్గేసింది.

ఆపైన అన్నీ చకచకా జరిగిపోయాయి. బర్రె వచ్చింది. అప్పుల పంపిణీ సభలో వైకుంఠం శాలువా కప్పగా, రామలింగయ్య ఉపన్యసించారు. "పైసా ఆదాయం దాచని ఇట్టి పౌరులే జాతికి వెన్నెముక," అన్నారు. పేటంతా చప్పట్లు కొట్టింది, మనమూ కొట్టాం. వేదిక దిగుతూ అయ్యగారు, ఆ నెల పాల కింద, రాబోయే మ్యాచి టికెట్టు అతని చేతిలో పెట్టారు.

అది చూసినవాళ్లు ఊరుకుంటారా? చప్పట్లు కొట్టిన చేతులే నోట్లు పట్టుకొని అతని చుట్టూ మూగాయి. బాలనర్సింహ శాలువా సర్దుకొని ఒక్క మాట అడిగాడు.

"ఇస్త గాని, ఎవరు కొన్నరంటే ఏం పేరు చెప్పాలె అన్నా?"

ఆ సాయంత్రం చలి లేదు. అయినా మనమందరం మఫ్లర్లు ముక్కు దాకా లాక్కున్నాం. నోటు పట్టుకున్న చెయ్యి మాత్రం ఎవరూ వెనక్కి తీయలేదు.