శనివారం గడి

ఆదివారం ఉదయం ఏడు గంటలకు లాడ్జి గదిలో నిద్ర లేచిన లైబ్రేరియన్ దగ్గర ఆ రోజుకు కావలసిన ప్రణాళిక సిద్ధంగా ఉంది. ఎనిమిదింటికి టిఫిను. తొమ్మిదింటికి వీధి చివరి ఫోటో స్టూడియో. పన్నెండు కల్లా ఫోటోకు ఫ్రేము. నాలుగు లోపల అది మామగారి అక్కయ్య చేతిలో ఉండాలి. నాలుగు దాటితే ఆవిడ ఈ ఊళ్లో ఉండదు. కూతురి కారెక్కి చాలా దూరం వెళ్లిపోతుంది, ఇక అక్కడే ఉండిపోవడానికి.

ఆ ఫోటో సంగతి కాస్త చెప్పాలి. మామగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఇంటాబయటా ఇప్పటికీ అందరికీ ఆయన గార్డుగారే. ఇరవై రెండేళ్ల క్రితం ఒక స్టేషన్లో టైము కాగానే ఆయన పచ్చజెండా ఊపాడు. అదే సమయానికి ఆయన సొంత అక్కయ్య రెండు చేతుల్లో రెండు సంచులు పట్టుకుని ప్లాట్‌ఫారం మీద పరుగెత్తుకొస్తోంది. ఆయన చూశాడు. చూసి కూడా జెండా దించలేదు. పైగా కదిలే బండిలోంచి "టైమంటే టైమే కదక్కయ్యా" అని కూడా అన్నాడట. ఆ ఒక్క మాటకు ఆవిడ ఇరవై రెండేళ్లు తమ్ముడి ముఖం చూడలేదు.

నిన్న శనివారం లైబ్రేరియన్, భార్య, అత్తమామలు, బావమరిది అందరూ కలిసి ఆవిడ ఇంటికి వెళ్తే, మూడు గంటల సేపు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుని, చివరికి తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "ఒక్క ఫోటో తీసుకోండి. ఒక్కటే. మళ్లీ మళ్లీ కూర్చోమంటే నావల్ల కాదు. రేపు నేను బయల్దేరే లోపల తెచ్చివ్వండి" అంది. లైబ్రేరియన్ ఆ ఒక్కటీ తీశాడు. గార్డుగారు బస్సులో తిరిగి వస్తున్నంత సేపూ కిటికీలోంచి చూస్తూ తనలో తను నవ్వుకుంటూనే ఉన్నాడు.

ఇంత విలువైన ఫోటో లైబ్రేరియన్ చేతిలో పడినందుకు ఇంటిల్లిపాదీ నిశ్చింతగా ఉన్నారు. ఎందుకంటే పద్ధతి విషయంలో అతన్ని మించినవాడు లేడు. రోజుకో మెమరీ కార్డు అతని నియమం. కెమెరా పోయినా ఆ ఒక్క రోజే పోతుంది, మిగతా రోజులు భద్రం. గోరంత ఉండే ఆ కార్డులు దాచడానికి మందుల దుకాణంలో దొరికే, వారానికి ఏడు గడులుండే నీలం డబ్బా కొన్నాడు. సోమవారం కార్డు సోమవారం గడిలో, మంగళవారం కార్డు మంగళవారం గడిలో. అలాంటిదే ఇంకొకటి కొని, బీపీ మాత్రలు వేసుకోవడానికి మామగారికి కానుకగా ఇచ్చాడు. ఒకదాని మీద "ఫోటోలు" అనీ, ఇంకోదాని మీద "మందులు" అనీ చీటీలు అంటించాడు. ప్రయాణం సోమవారం మొదలైంది కాబట్టి కార్డుల డబ్బాలో మొదటిదైన ఆదివారం గడి ఖాళీ. ఖాళీ అరలు చూస్తే లైబ్రేరియన్లకు మనసొప్పదు. అందులో తన తలనొప్పి మాత్ర ఒకటి పెట్టుకున్నాడు.

"పద్ధతి ఉంటే వస్తువు పోదు. వస్తువు పోయిందంటే ఎవరో పద్ధతి తప్పారన్నమాట" అని ఈ ఆరు రోజుల్లో కనీసం పదిసార్లు చెప్పాడు. మొదటి రెండుసార్లు అందరూ తలూపారు.

స్నానం చేసి వచ్చి, తల దువ్వుకుని, డబ్బా తీసి శనివారం గడి మూత ఎత్తాడు.

గడిలో ఏమీ లేదు.

మూత మూసి మళ్లీ ఎత్తాడు. అప్పుడూ లేదు. డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. తక్కిన రోజులు గలగలమన్నాయి.

"ఏవండీ, కెమెరాలోనే ఉండిపోయిందేమో చూశారా?" అంది భార్య.

"కెమెరాలోంచి తీసి గడిలో పెట్టింది నేనే. నా చేతులతో."

"నిన్న తలనొప్పితో ఉన్నారు కదా, సరిగ్గా పెట్టారో లేదో..."

"తలనొప్పి వచ్చింది బస్సెక్కాక. కార్డు పెట్టింది బస్సెక్కక ముందు" అన్నాడు, తారీకులు తప్పు చెప్పిన పిల్లాడిని సరిదిద్దినట్టు.

మంచం కింద వెతికారు. దుప్పట్లు దులిపారు. బావమరిది తన బూట్లు కూడా బోర్లించాడు, ఎందుకో అతనికే తెలియదు. అప్పుడు లైబ్రేరియన్ చూపు కిటికీ దగ్గరున్న రెండో డబ్బా మీద పడింది. నిన్న బస్సులో రెండు డబ్బాలూ ఒకే సంచిలో ఉన్నాయి. వెళ్లి మందుల డబ్బా తెరిచాడు. అందులో శనివారం మాత్ర ఉన్నది ఉన్నట్టే ఉంది.

"మామయ్యగారూ, నిన్న సాయంత్రం బీపీ మాత్ర వేసుకున్నారా?"

గార్డుగారు అత్తగారి వైపు చూశాడు. అత్తగారు అప్పటికే ఆయన వైపు చూస్తోంది. కిందటి నెలలో ఆయన మాత్ర మరిచిపోయి వరండాలో కళ్లు తిరిగి పడ్డాడు. ఇక జన్మలో మరిచిపోనని ఆవిడకు మాటిచ్చాడు.

"వేసుకున్నానుగా. బస్సులోనే. టైముకే" అన్నాడు గొంతు సవరించుకుంటూ.

లైబ్రేరియన్ గదిలో నలువైపులా చూశాడు. ఇందులో ఆలోచించడానికి ఏముంది? మాత్ర డబ్బాలోనే ఉంది. ఆయనేమో వేసుకున్నానంటున్నాడు. కార్డు కనిపించడం లేదు.

"అయితే మీరు మింగింది మాత్ర కాదు మామయ్యగారూ" అన్నాడు నెమ్మదిగా. "నా శనివారాన్ని మింగారు."

"అయ్యో అయ్యో, ఎంత పని చేశారండీ!" అని అత్తగారు కూలబడింది. గార్డుగారు ఏదో చెప్పబోయి, ఆవిడ ముఖం చూసి, నీళ్లు నమిలాడు. మాత్ర మరిచిపోయానని ఒప్పుకోవడం కన్నా కార్డు మింగాననుకోనివ్వడమే ఆ క్షణంలో ఆయనకు తేలిగ్గా తోచింది.

బావమరిది ఫోను తీశాడు. "బావగారూ, బ్యాటరీ మింగితే రెండు గంటల్లో ఆపరేషన్ చెయ్యాలట!"

"అది బ్యాటరీ కాదయ్యా, కార్డు."

"కార్డు గురించి ఇందులో రాయలేదు. అంటే ఇంకా ప్రమాదమేమో!"

ఈ కేకలకు లాడ్జి మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. విన్నది విన్నట్టు కింద గదులు ఊడ్చే ఆవిడకు చెప్పాడు. ఆవిడ విన్నదానికి కొంచెం కలిపి మొదటి అంతస్తు వాళ్లకు చెప్పింది. గార్డుగారిని చెరోవైపు పట్టుకుని మెట్లు దించేసరికి కార్డు కాస్తా కెమెరా అయింది.

"స్టాండుతో సహా మింగాడటండీ పెద్దాయన" అంటున్నారెవరో.

వరండా నిండా జనం. ఒకాయన అరటిపండు తినిపించమన్నాడు. ఇంకొకావిడ తలకిందులుగా పట్టుకోమంది. అంతమందిలో లైబ్రేరియన్‌కు ఊరుకోవాలని తోచలేదు. పోయిన ఫోటో, దగ్గర పడుతున్న నాలుగు గంటలు, రాత్రంతా తగ్గని తలనొప్పి, అన్నీ కలిసి నోటివెంట వచ్చేశాయి.

"ఇంతింత అక్షరాలతో చీటీ అంటించి ఇచ్చాను కదా మామయ్యగారూ! 'మందులు' అని ఉన్నది మందులు. 'ఫోటోలు' అని ఉన్నది ఫోటోలు. ఇందులో కష్టం ఏముంది? పద్ధతి ఉంటే సరిపోతుందా, పాటించాలి కదా!"

నలభై ఏళ్లు వేలమంది ప్రయాణికుల్ని జెండాతో నడిపించిన మనిషి, చేతులు కట్టుకుని నేల చూపులు చూశాడు. భార్య మాత్రం లైబ్రేరియన్ వైపు ఒక చూపు చూసింది. పెళ్లయిన పదకొండేళ్లలో అలాంటి చూపు అతనికిదే మొదటిసారి.

మేనేజరు ఎందుకైనా మంచిదని పిలిచిన అంబులెన్సు కూతలు పెడుతూ వచ్చింది. "నేను నడవగలనండీ" అంటున్నా వినకుండా గార్డుగారిని స్ట్రెచరు మీద పడుకోబెట్టారు.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ వయసులో చిన్నది, ఓపికలో పెద్దది. కథంతా విని, "నొప్పేమైనా ఉందా తాతగారూ?" అని అడిగింది.

"కడుపులో లేదమ్మా" అన్నాడు గార్డుగారు.

"డాక్టరుగారూ, నాలుగు గంటల్లోపల బయటికి తీయడం కుదురుతుందా?" అని లైబ్రేరియన్ అడ్డొచ్చాడు.

"మీకు మీ మామగారు ముఖ్యమా, కార్డు ముఖ్యమా?"

"రెండూ" అన్నాడు. అనగానే ఆ జవాబు తన చెవులకే బాగోలేదు. పక్కనున్న నర్సు రాస్తున్నది ఆపి అతని ముఖంలోకి చూసింది.

ఎక్స్‌రే తీశారు. అరగంటకు డాక్టరమ్మ ఫిల్ము తెచ్చి వెలుగు పెట్టె మీద పెట్టింది. "కార్డు కాదు కదా, గుండుసూది కూడా లేదు. తాతగారి కడుపు కడిగిన ముత్యంలా ఉంది."

ఆసుపత్రి గౌనులో కూర్చున్న గార్డుగారు అప్పుడు భార్య వైపు తిరిగాడు. "మాత్ర వేసుకోలేదే" అన్నాడు చిన్న గొంతుతో. "అక్కయ్య చెయ్యి పట్టుకుంది కదా, ఆ సంతోషంలో మరిచిపోయాను. నువ్వు బాధపడతావని అబద్ధమాడాను."

అత్తగారు తిట్టడానికి నోరు తెరిచి, కళ్లొత్తుకుంది.

"అల్లుడుగారూ, మీరేమీ అనుకోకండి" అన్నాడాయన. "కార్డు ఎక్కడో జారిపోయుంటుంది. ఎవరి తప్పూ కాదు. అక్కయ్యకు నేను చెప్పుకుంటాలెండి. మళ్లీ ప్లాట్‌ఫారం మీద వదిలేశావా అంటుంది. అననీండి. అలవాటైన మాటే కదా."

లైబ్రేరియన్ తల ఈసారి నిజంగానే పగిలిపోతోంది. నడవాలోకి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. సంచిలోంచి నీళ్లసీసా తీసి, మాత్ర కోసం డబ్బా తీసి, నిన్ననే వేసేసుకున్నాననే ధ్యాస లేక ఆదివారం గడి మూత ఎత్తాడు.

తలనొప్పి మాత్ర ఉంది. తెల్లగా, గుండ్రంగా, పెట్టినది పెట్టినట్టు.

అందులో అతను పెట్టింది ఒక్కటే మాత్ర. దాన్ని నిన్న బస్సులో మింగాడు. మింగినది మళ్లీ ఎలా వచ్చింది?

నిన్నటి సాయంత్రం కళ్లముందు తిరిగింది. ఎండ కళ్లలో పడకుండా ముఖం మీద తువ్వాలు కప్పుకున్నాడు. సంచిలో తడుముకుంటే డబ్బా దొరికింది. వేలితో చివరి గడి పోల్చుకున్నాడు. ఆ డబ్బాకు ఒక చివర గడి ఆదివారం, ఇంకో చివర గడి శనివారం. డబ్బా ఏ చివర పట్టుకున్నాడో చూసుకోలేదు. నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు. చేదు లేదేమిటా అనుకున్నాడు కూడా. గొంతులో కాస్త గుచ్చుకుంటే, ఈమధ్య మందుల తయారీ బొత్తిగా దిగజారిపోయిందని అనుకున్నాడు.

ముందు చెవులు వేడెక్కాయి. తరువాత మెడ. ఆ తరువాత ఒళ్లంతా సిగ్గు పాకింది. వరండాలో జనం మధ్య తను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే చీటీతో సహా తిరిగి వచ్చాయి. గోడకున్న గడియారం ఒంటిగంటన్నర చూపిస్తోంది. మూత మూసేస్తే సరిపోతుంది. ఎక్కడో జారిపోయిందని మామగారే అన్నాడు. ఎవరికీ తెలియదు. నిజానికి ఒక నిమిషం పాటు మూత మూసే ఉంచాడు. ఆ నిమిషం గుర్తొస్తే ఇప్పటికీ అతనికి అన్నిటికన్నా ఎక్కువ సిగ్గేస్తుంది.

తలుపు సందులోంచి గార్డుగారు కనిపించాడు. గౌను వెనక ముళ్లు కట్టుకోవడం చేతకాక, తడుముకుంటున్నాడు.

లైబ్రేరియన్ లోపలికి వెళ్లి ముందు ఆ ముళ్లు కట్టాడు. తరువాత, "డాక్టరుగారూ, నాకూ ఒక ఎక్స్‌రే తీయాలి" అన్నాడు.

రెండో ఫిల్ములో దాన్ని వెతకాల్సిన పని లేకపోయింది. పక్కటెముకల కింద, చక్కగా, నాలుగు మూలలతో కనిపించింది. "ఇదిగోనండీ మీ శనివారం" అంది డాక్టరమ్మ, పెదవి కొరుక్కుంటూ. బావమరిది గోడ వైపు తిరిగి భుజాలు కుదిపాడు. రెండు మూడు రోజుల్లో దానంతట అదే వస్తుందనీ, నొప్పిగానీ వాంతులుగానీ ఉంటే వెంటనే రమ్మనీ డాక్టరమ్మ చెప్పింది. ఎలా కనిపెట్టాలో నర్సు వివరంగా, కాస్త గట్టిగానే చెప్పింది. నడవాలో వాళ్లంతా విన్నారు.

మూడున్నరకు వాళ్లు అక్కయ్య ఇల్లు చేరేసరికి కారులో సామాను సర్దేశారు. ఆవిడ గుమ్మం ముందు కుర్చీలో కూర్చుని ఉంది. వట్టి చేతులతో వస్తున్న తమ్ముణ్ణి చూడగానే ఆవిడ ముఖం ముడుచుకుంది.

"తేలేదన్నమాట."

గార్డుగారు నోరు విప్పేలోగా లైబ్రేరియన్ ముందుకు వచ్చాడు. "తెచ్చామండీ. కానీ చేతిలో లేదు. తప్పు నాది. మాత్రనుకుని నేనే మింగాను. మింగి, నింద మామయ్యగారి మీద వేశాను. నలుగురిలో పాఠం చెప్పాను. ఆయన తిరిగి ఒక్క మాట అనలేదు." ఎక్స్‌రే ఫిల్ము ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ దాన్ని ఎండకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇందులో నేనెక్కడున్నానబ్బాయ్?"

"ఆ చిన్న గడిలోనండీ."

"వీడు?"

"మీ పక్కనేనండీ. మీరు ఆయన చెయ్యి పట్టుకుని ఉన్నారు."

ఆవిడ నవ్వింది. మొదట ముక్కుతో, తరువాత కుర్చీ కదిలేలా. గార్డుగారు కూడా నవ్వబోయి, సగంలో ఏడ్చాడు. కారులోంచి కూతురు "అమ్మా, టైమైంది!" అని కేకేసింది.

"ఆగవే! తోడబుట్టినవాళ్లను వదిలేసి బండి పోనివ్వడానికి నేనేమన్నా గార్డునా?" అంది ఆవిడ. "కూర్చోరా తమ్ముడూ. నిలబడి ఏడవకు."

కారు ఐదున్నర దాకా కదలలేదు. ఇంకో ఫోటో తీసుకుందామని బావమరిది అడిగితే ఆవిడ ఒప్పుకోలేదు. ఒక్కటంటే ఒక్కటే. కడుపులోది బయటికొచ్చాక ఈ అబ్బాయే స్వయంగా తెచ్చివ్వాలంది. అంతవరకూ హామీగా ఎక్స్‌రే తన దగ్గరే పెట్టుకుంది.

మంగళవారం ఉదయం కార్డు దొరికింది. ఎన్నిసార్లు కడిగాడో లెక్క లేదు. అందులో ఫోటో చెక్కుచెదరలేదు. ఇప్పుడది అక్కయ్య ఉంటున్న కూతురింటి ముందుగదిలో, వచ్చినవాళ్లకు ఎదురుగా వేలాడుతోంది.

చూసినవాళ్లంతా "ఫోటో ఎంత బాగా వచ్చిందో!" అంటారు, ఎలా వచ్చిందని అడిగేలోపల లైబ్రేరియన్ లేచి చెప్పులు వేసుకుంటాడు.